వెలిసిన రంగుకూ వాడిన ముఖానికీ ఇంగ్లీషు విశేషణం ఎంచుకోవడం ఎలా?

తిరుపతిలో సాయంత్రం పూట ఇంగ్లీషు పాఠాలు చెబుతుంటాను. లాడ్జి రిసెప్షన్‌లో పనిచేసే కుర్రవాళ్ళు వస్తారు, శ్రీకాళహస్తి కలంకారీ బట్టలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు వస్తారు, కథలు అనువదించాలని ముచ్చటపడే టీచర్లు వస్తారు. ఎవరి దారి వారిదే అయినా అందరూ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతారు: పేల్ అనాలా, ఫేడెడ్ అనాలా, డల్ అనాలా? నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చి ఇలా రాసి పెడుతున్నాను.

చిక్కు మన భాషలోనే మొదలవుతుంది. తెలుగులో పువ్వు వాడుతుంది, ముఖమూ వాడుతుంది. చీర కళ తప్పుతుంది, మనిషీ కళ తప్పుతాడు. ఇంగ్లీషువాళ్ళు బట్టల మాటలు ఒక గంపలోనూ మనుషుల మాటలు ఇంకో గంపలోనూ పెట్టుకున్నారు. రెండు గంపల్లోనూ కనిపించేవి కొన్నే. ఈ గంపలోది తీసి ఆ గంపలో వేస్తే వ్యాకరణం తప్పు కాదు గానీ, విన్నవాడు నవ్వుతాడు, లేదా నొచ్చుకుంటాడు.

కావలసినవి

ఉదాహరణ వాక్యాలు ఇచ్చే ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు ఒకటి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ విద్యార్థుల కోసం వేసిన నిఘంటువులను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఒక్కటే చాలదు. బ్రౌన్ దొర నిఘంటువు మహా గొప్పదే, కానీ అందులోని ఇంగ్లీషు 19వ శతాబ్దపుది. ఉత్తరంలో వాడితే తాతగారి కోటు తొడుక్కున్నట్టుంటుంది.

బీరువాలోంచి మూడు బట్టలు: ఎండకు వెలిసినది ఒకటి, కొత్తదే అయినా లేత రంగుది ఒకటి, మురికి పట్టినది ఒకటి. ఓపికగా వినే స్నేహితుడో చెల్లెలో ఒకరు. ఇవి ఎందుకో చివర్లో తెలుస్తుంది.

1. ముందు తెలుగు వాక్యం పూర్తిగా రాయండి

ఒక్క మాట పట్టుకుని నిఘంటువు తెరవకండి. ‘పాలిపోయిన’ అని వెతికితే పది మాటలు వస్తాయి, పదీ సరైనవిగానే కనిపిస్తాయి. ‘జ్వరం తగ్గాక పాలిపోయిన ముఖంతో గుమ్మంలో నిలబడింది’ అని మొత్తం రాయండి. ఇప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఇంతకుముందు ఎలా ఉండేది? ఆ ఉన్నదాన్ని ఏది పట్టుకుపోయింది? ఇంగ్లీషు విశేషణాలు చాలావరకు ఈ రెండో ప్రశ్నకు జవాబును కడుపులో దాచుకుని ఉంటాయి. జవాబు మీకు తెలియకపోతే మాట దొరకదు.

2. రంగు పుట్టుకతో లేతదా, పోయి లేతదయిందా తేల్చండి

పుట్టుకతో లేతదయితే లైట్, పేల్, పేస్టెల్. గాఢత తగ్గించి కావాలనే నెమ్మదిగా ఉంచిన రంగయితే మ్యూటెడ్. ఒకప్పుడు ముదురుగా ఉండి తరువాత తగ్గినదయితేనే ఫేడెడ్. పేల్ రెండు వైపులా నడుస్తుంది కాబట్టి అనుమానం వచ్చినప్పుడు అది పెద్దగా ముంచదు. ఫేడెడ్ మాత్రం ముంచుతుంది.

కలంకారీ అమ్మే ఒకాయన తన దుపట్టా ఫొటో కింద ‘ఫేడెడ్ కలర్స్’ అని రాశాడు. ఆయన మనసులో ఉన్నది సహజ రంగుల మెత్తదనం. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద బెల్లమూ ఇనుమూ నానబెట్టి తీసిన నలుపుతో గీసి, మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలం దిద్దితే వచ్చే ఆ నెమ్మది. కొనేవాళ్ళకు మాత్రం ‘వెలిసిపోయిన సరుకు’ అని అర్థమయింది. ఒకామె సగం ధరకు ఇస్తారా అని అడిగింది. నేను ఆ మాట కొట్టేసి ‘మ్యూటెడ్, ఎర్తీ’ అని మార్చాను. ఎర్తీ అంటే మట్టి రంగుల ఛాయ ఉన్నదని. బట్ట అదే, ఫొటో అదే.

హెచ్చరిక: బట్ట నిజంగానే వెలిసి ఉంటే మ్యూటెడ్ అని రాసి అమ్మకండి. అది అనువాదం కాదు, మోసం.

3. రంగును తీసుకుపోయింది ఎవరు?

ఎండ అయితే సన్-ఫేడెడ్. రంగు దాదాపు పూర్తిగా పోయి తెల్లబారితే సన్-బ్లీచ్డ్. దీనికి మన ఊళ్ళో ఉదాహరణలు వెతకక్కర్లేదు. రేణిగుంట రోడ్డులో రెండు వేసవులు చూసిన ఏ ఫ్లెక్సీ అయినా చూడండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఎరుపునూ పసుపునూ ముందు తినేస్తాయి, నాయకుడి ముఖం నీలంగా మిగులుతుంది. పసుపు నీళ్ళలో ముంచిన పంచె అయితే నాలుగు ఎండలకే తెల్లబడుతుంది.

ఉతుకుడు అయితే వాష్డ్-అవుట్. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, ఇది రెండు గంపల్లోనూ ఉంటుంది.

మురికి అయితే డింజీ. ఇక్కడ రంగు పోలేదు, మాసి కప్పుబడింది. మాసిన గోడ, వెలుతురు లేని లాడ్జి గది, ఉతికినా తెల్లబడని బనియను డింజీ. పలకడంలో ‘గ’ తెస్తే అది చిన్న పడవ అవుతుంది.

వయసు అయితే వస్తువును బట్టి మారుతుంది. పాత కాగితం యెల్లోడ్, వెండి ఇత్తడి టార్నిష్డ్, నూలు పోగులు బయటపడిన తువ్వాలు థ్రెడ్‌బేర్. ఇత్తడి చెంబును ఫేడెడ్ అనకండి.

డ్రాబ్ అన్నది వేరే జాతి. అక్కడ ఎవరూ ఏమీ తీసుకుపోలేదు. మొదటినుంచీ ఉత్సాహం లేని బూడిద, గోధుమ ఛాయలవి డ్రాబ్. ఆ మాట మొదట రంగు వేయని ముతక గుడ్డకు పేరు. ఇందులో చిన్నచూపు ఉంది, మీ అత్తగారి చీర గురించి వాడే ముందు ఆలోచించుకోండి.

4. ‘షేడ్ అయింది’ అనే అలవాటు మానండి

ఇది మనవాళ్ళందరి జబ్బు. ‘చీర షేడ్ అయిపోయింది’ అంటాం. ఇంగ్లీషులో షేడ్ అంటే నీడ, లేదా రంగులో ఛాయ. వెలవడం ఫేడ్. ఒక్క అక్షరమే తేడా, అర్థం మాత్రం ఆమడ దూరం.

దీని పక్కనే ఇంకో గుంట ఉంది. ‘రంగు పోతుంది’ అని మనం రెండు పనులకు అంటాం. మొదటి ఉతుకులో ఎర్ర చీర రంగు వదిలి పక్కనున్న తెల్ల చొక్కాను గులాబీ చేస్తే అది రన్, లేదా బ్లీడ్. ఏళ్ళ తరబడి తనలో తాను తగ్గితే ఫేడ్. రంగు వదలని బట్టను కలర్‌ఫాస్ట్ అంటారు. అమ్మేవాళ్ళకు రోజూ పనికొచ్చే మాట.

5. ఇక మనిషి దగ్గరకు రండి: ఏది తక్కువయింది?

ముఖం చూసి నాలుగు అడగండి: రక్తమా, నిద్రా, తిండా, మనసా?

రక్తం తగ్గినట్టుంటే పేల్. అది అనారోగ్యంగా కనిపిస్తే పాలిడ్. గదిలోంచి బయటికి రానివాడి పిండిముద్ద లాంటి తెలుపు పాస్టీ. భయంతోనో దుర్వార్తతోనో బూడిద రంగుకు తిరిగితే యాషెన్. పసుపుపచ్చగా, కామెర్లు తగిలి లేచినట్టుంటే సాలో. సాలోను ‘ష’తో పలికితే లోతు లేనిదని అర్థం, కాబట్టి నోరు జాగ్రత్త.

నిద్ర తక్కువయితే టైర్డ్ చాలు. కళ్ళు ఎర్రబడి మసకగా ఉంటే బ్లియరీ-ఐడ్. రాత్రి రైల్లో కూర్చునే వచ్చి తెల్లవారుజామున స్టేషన్ ఎదుట సత్రంలో గది కోసం నిలబడ్డవాళ్ళంతా బ్లియరీ-ఐడ్.

తిండి తక్కువయి ఎముకలు కనబడితే గాంట్. ఆకలితోనో జబ్బుతోనో చిక్కి, బుగ్గలు లోపలికి పోయినవాడికే ఇది. డైటింగ్ చేసి సన్నబడ్డవాణ్ని గాంట్ అంటే శాపం పెట్టినట్టే.

మనసు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అనువాదకులు ఎక్కువగా జారేది ఇక్కడే. మనం ‘ముఖం పీక్కుపోయింది’ అంటాం. ఇంగ్లీషులో దానికి డ్రాన్ అనే మాట ఉంది. డ్రా అంటే లాగడం కదా, అంటే లాగి పట్టినట్టున్న ముఖం. దిగులుతోనో నొప్పితోనో బిగిసిన ముఖానికి అది. పీకడమూ లాగడమూ, రెండు భాషలూ ఇంత దగ్గరగా కూర్చున్న చోటు ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఇంకొకటి కనిపించలేదు. దొరికినప్పుడు వదులుకోకండి.

రోజుల తరబడి నలిగినవాడు హాగర్డ్. మొదట ఆ మాట వేటకు పట్టి తెచ్చిన అడవి డేగకు వాడేవారు, ఆ బెదురు చూపు నేటికీ మాటలో కొంత మిగిలే ఉంది. ఆసుపత్రి వరండాలో పది రోజులుగా కాపలా ఉన్న కొడుకు హాగర్డ్. ఒక్క పూట బస్సు ప్రయాణం చేసినవాడు కాదు. ఏళ్ళ సంసారం ముఖం మీద గీతలు గీస్తే కేర్‌వోర్న్. విసుగు కలిసిన అలసట వియరీ. చేసిందే చేసి, చూసిందే చూసి రుచి పోయినవాడు జేడెడ్. ఇది ఒంటి అలసట కాదు. వందోసారి అదే కథ వింటున్న సినిమా నిర్మాత జేడెడ్. కొండెక్కి దిగిన భక్తుడు కాదు.

వాన్ గురించి ఒక్క మాట. డబ్ల్యూతో మొదలయ్యే వాన్ ఇది, బస్టాండులో నిలబడే వ్యాను కాదు. పాలిపోయి, బలం లేక, అయినా మర్యాదకు నవ్వే నవ్వుకు ఇది బాగా అతుకుతుంది. పాత ఇంగ్లీషులో దీనికి చీకటి, నలుపు అనే అర్థాలుండేవి, ఎలాగో తెల్లబడింది. కథల్లో చక్కగా ఉంటుంది, లాడ్జి కౌంటర్ దగ్గర వద్దు.

6. మన చర్మానికి పేల్ సరిపోతుందా?

మంచి విద్యార్థులే అడిగే ప్రశ్న ఇది. పేల్, పాలిడ్, సాలో అన్నీ తెల్ల చర్మం మీద పుట్టిన మాటలు. చామనఛాయ ముఖంలో రక్తం తగ్గితే తెల్లబడదు. బూడిద ఛాయ వస్తుంది, మెరుపు పోతుంది. కాబట్టి కథలో మన చిత్తూరు రైతును పేల్ అని రాసినప్పుడు పాఠకుడికి బొమ్మ కుదరకపోవచ్చు. యాషెన్ గానీ, గ్రే గానీ వాడండి. వాష్డ్-అవుట్ ఎవరికైనా నడుస్తుంది, అలసి జీవం లేనట్టున్న ముఖానికి. లేదా రంగు వదిలేసి కళ్ళ గురించీ పెదవుల గురించీ రాయండి. డాక్టర్లు చేసేదీ అదే. చర్మం రంగు చూసి మోసపోకుండా కింది రెప్ప లాగి లోపలి ఎరుపు చూస్తారు.

ఇక్కడే ఇంకో పెద్ద తప్పు. ఎండలో తిరిగి అలసి వచ్చినవాణ్ని ‘ముఖం నల్లబడింది’ అంటాం. దాన్ని మాటకు మాట ఇంగ్లీషులో పెట్టకండి. ఎప్పుడూ పెట్టకండి. అక్కడ నల్ల ముఖం అన్నదానికి జాతి అవమానాల పెద్ద చరిత్ర ఉంది. ఎండకు రంగు మారితే ట్యాన్డ్, మండి ఎర్రబడితే సన్‌బర్న్‌డ్, అలసట అయితే టైర్డ్ లేదా డ్రాన్.

7. డల్‌ను మనుషులకు దూరంగా ఉంచండి

‘డల్‌గా ఉన్నావేమిటి?’ అనేది తెలుగులో ప్రేమతో అడిగే మాట. ఇంగ్లీషులో మనిషిని డల్ అంటే మందబుద్ధి, లేదా విసుగు పుట్టించేవాడు. నా దగ్గరికి వచ్చే ఒక కుర్రవాడు లాడ్జిలో ఒక విదేశీ అతిథితో ‘సార్, యూ ఆర్ వెరీ డల్ టుడే’ అన్నాడు. ఆ పెద్దమనిషి ముందురోజు మెట్ల దారిన కొండెక్కి వచ్చాడు. పాపం, కుర్రవాడి జాలి ఆయనకు తిట్టులా చేరింది. మేనేజరు వచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది.

రంగులకు, ఆకాశానికి, కత్తి పదునుకు, మొద్దు నొప్పికి డల్ నిక్షేపంగా వాడుకోండి. మనిషి నీరసంగా ఉంటే టైర్డ్, ఉత్సాహం లేకపోతే లో లేదా డౌన్, ఏ పనిమీదా మనసు పోకుండా కూర్చుంటే లిస్ట్‌లెస్.

ఫేడెడ్ కూడా అంతే. మనిషికి వాడితే అలసట కాదు, అయిపోయిన వైభవం. ఒకప్పటి సినిమా తార గురించి వ్యాసంలో రాయవచ్చు. పక్కింటి పిన్నిగారికి చెప్పకూడదు.

8. మోతాదు, అతుకు సరిచూడండి

టైర్డ్ కంటే వోర్న్-అవుట్ ఎక్కువ, దానికంటే ఎగ్జాస్టెడ్ ఎక్కువ. ఎగ్జాస్టెడ్ ముందు వెరీ పెట్టకండి, అది ఇప్పటికే నిండిన కుండ.

టైర్డ్, టైరింగ్ మార్చేయడం మనవాళ్ళలో చాలా ఎక్కువ. అలసిన మనిషి టైర్డ్, అలిసేలా చేసే పని టైరింగ్. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. ఆ ఎక్కడం టైరింగ్, ఎక్కినవాళ్ళు టైర్డ్. ‘ఐ యామ్ టైరింగ్’ అంటే నేను ఎదుటివాళ్ళను అలిసిపోయేలా చేసే మనిషినని ఒప్పుకున్నట్టవుతుంది (కొందరి విషయంలో నిజమే అనుకోండి).

వాష్డ్-అవుట్, వోర్న్-అవుట్ నామవాచకానికి ముందు వస్తే మధ్యలో అడ్డగీత పెడతాం. వాక్యం చివర క్రియ తరువాత వస్తే సాధారణంగా అక్కర్లేదు.

9. ఎదుట ఉన్న మనిషికి చెప్పే ముందు ఆగండి

మనకు ‘అలా అయిపోయావేమిటి, తిండి తినడం లేదా?’ అనడం ఆప్యాయత. ఇంగ్లీషు మాట్లాడే చాలామందికి ముఖం చూసి అలసటను ఎత్తిచూపడం ఇబ్బంది కలిగిస్తుంది. హాగర్డ్, గాంట్, సాలో లాంటివి మూడో మనిషి గురించి రాయడానికే ఉంచుకోండి. అతిథితో అయితే ముఖాన్ని వదిలి ప్రయాణాన్ని పట్టుకోండి: ‘యూ మస్ట్ బి టైర్డ్ ఆఫ్టర్ ద క్లైంబ్.’ అలసట నేరం మెట్ల మీదికి పోతుంది, మనిషి మర్యాద మనిషికి ఉంటుంది. వెంటనే మజ్జిగో మంచినీళ్ళో ఇస్తే ఆ తరువాత ఏ విశేషణం తప్పినా ఎవరూ పట్టించుకోరు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి పరీక్షకు ఆ మూడు బట్టలు. మీరు ఇంగ్లీషులో రాసిన వర్ణనను స్నేహితుడికి చదివి వినిపించి, ఏ బట్టో చూపించమనండి. ఫేడెడ్ అని మీరు రాసింది లేత రంగు కొత్త బట్ట గురించి అయితే అతని వేలు తప్పకుండా వెలిసినదాని మీదికి పోతుంది. వాదించకండి, మాట మార్చండి.

రెండోది, నిద్ర పరీక్ష. ముఖాల కోసం ఇది. రాత్రి ఎనిమిది గంటలు పడుకుంటే పోయే స్థితేనా? పోయేదయితే టైర్డ్, బ్లియరీ-ఐడ్, వోర్న్-అవుట్. పోనిదయితే హాగర్డ్, గాంట్, కేర్‌వోర్న్. డ్రాన్ మాత్రం మధ్యలో నిలబడుతుంది, దిగులు తీరితే పోతుంది.

మూడోది, తిరగేసే పరీక్ష. మీ ఇంగ్లీషు వాక్యాన్ని మర్నాడు చూసి, తెలుగు మూలం తెరవకుండా మళ్ళీ తెలుగులోకి మార్చండి. ‘పీక్కుపోయిన ముఖం’ అని మొదలుపెట్టినది ‘తెల్లటి ముఖం’ అని తిరిగొస్తే దారిలో ఎక్కడో సరుకు మారిపోయింది. నా అనుభవంలో ఎక్కువ తప్పులు పట్టుకునేది ఇదే. అందరూ బద్ధకించేదీ ఇదే.

నాలుగోది, జంటను చూడటం. విశేషణాన్నీ నామాన్నీ కలిపి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఇంటర్నెట్‌లో వెతకండి. వాన్ పక్కన స్మైల్, వియరీ పక్కన సై, అంటే నిట్టూర్పు, కుప్పలుగా కనిపిస్తాయి. మీరు కట్టిన జంట ఎక్కడా లేకపోతే మీరు కవి అయినా అయ్యుండాలి, తప్పు చేసైనా ఉండాలి.

మిగిలిపోయిన రెండు ప్రశ్నలు

లివిడ్ అంటే పాలిపోవడం కాదా అని అడుగుతారు. పాత అర్థం కమిలిన నీలి ఛాయ. ఇప్పుడు మామూలు మాటల్లో లివిడ్ అంటే కోపంతో ఊగిపోతున్నాడని. ‘మా నాన్న జ్వరంతో లివిడ్‌గా ఉన్నారు’ అని రాస్తే చదివినవాళ్ళు మిమ్మల్ని ఏం చేశావురా అని అడుగుతారు.

వాడిన పువ్వుకు ఏమిటి? నీళ్ళు అందక తల వాలిస్తే విల్టెడ్, నీళ్ళు చల్లితే లేవవచ్చు. ఎండి ముడుచుకుపోతే విదర్డ్, ఇక లేవదు. పొద్దున కట్టిన మల్లెమాల మధ్యాహ్నానికి విల్టెడ్, మర్నాటికి విదర్డ్.